కాలు తీసేయడమా, రక్తనాళం మార్చి నిలబెట్టడమా: ఏది మేలు?

తొడ లోపలి వైపో, గజ్జలోనో, మోకాలి వెనుక గుంటలోనో గడ్డ. మెత్తటి కణజాలపు క్యాన్సర్, అంటే సార్కోమా, అని బయాప్సీ తేల్చింది. ఎమ్మారై రిపోర్టులో "పెద్ద ధమనిని, సిరను చుట్టుకుని ఉంది" అని ఒక వాక్యం. అక్కణ్నుంచి అందరూ అడిగేది ఒకటే: కాలు తీయించుకోవడం మేలా, లేక నాళం ముక్కతో సహా గడ్డను కోసేసి, కొత్త నాళం కుట్టించుకుని కాలు నిలుపుకోవడం మేలా? నడుమ మూడో మాట కూడా వినపడుతుంది. నాళాన్ని కోయకుండా దాని మీంచి గడ్డను ఒలిచేస్తే సరిపోదా అని.

అడ్డం వచ్చింది నాళం ఒక్కటే అయితే కాలు తీయాల్సిన పని లేదు. గడ్డ నాళాన్ని నిజంగా చుట్టేసినప్పుడు నా మొగ్గు నాళం మార్చడం వైపే. కాకపోతే ఆ ఆపరేషన్ గెలిచేదీ ఓడేదీ నాళం కుట్టే చోట కాదు, ఆ కుట్టు మీద ఏ కండ కప్పుతారన్న దగ్గర. చాలా చర్చల్లో ఈ సంగతి ఆఖరున వస్తుంది, కొన్నింట్లో అసలే రాదు.

ముందు ప్రాణం లెక్క

కాలు తీసేస్తే ప్రాణం ఎక్కువ భద్రం అనే నమ్మకం గట్టిది. దీన్ని నేరుగా పరీక్షించింది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ. 1982లో ఫలితాలు వచ్చాయి. 43 మందిలో 16 మందికి అవయవం తీసేశారు, 27 మందికి గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చారు. రెండు జట్లకూ కీమో ఉంది. 5 ఏళ్లకు బతికున్నవారు తీసేసిన జట్టులో 88 శాతం, నిలబెట్టిన జట్టులో 83 శాతం. అంత చిన్న సంఖ్యలో ఇది తేడా కింద లెక్క కాదు. అదే చోట గడ్డ తిరిగి రావడం మాత్రం నిలబెట్టిన జట్టులో నలుగురికి జరిగింది, తీసేసిన జట్టులో ఒక్కరికీ లేదు.

సార్కోమా ప్రాణం తీసేది తొడలో ఉండి కాదు, ఎక్కువగా ఊపిరితిత్తులకు పాకి. కాలు తీసేనాటికే కంటికి కనపడని కణాలు అక్కడికి చేరి ఉంటే, కాలు తీసినా అవి అక్కడే ఉంటాయి. అందుకే ఛాతీ సీటీ చూడకుండా ఈ చర్చ మొదలుపెట్టడమే తప్పు.

ఇక్కడ మాటల చిక్కు ఒకటుంది. మనం రక్తం పారే గొట్టాన్నీ 'నరం' అంటాం, స్పర్శనూ కదలికనూ మోసే తీగనూ 'నరం' అనే అంటాం. "నరం పోయిందట, కాలు తీయాలట" అంటే రెంటిలో ఏది పోయిందో తెలియదు. ఇంత పెద్ద నిర్ణయంలో ఆ తేడా తెలియకపోతే ఏమీ తెలియనట్టే. గొట్టం పోతే మరో గొట్టం కుట్టవచ్చు. పెద్ద తీగ పోతే దాని పనిని పూర్తిగా వెనక్కి తెచ్చే దారి దాదాపు లేదు. ఈ వ్యాసంలో నరం అంటే తీగే, గొట్టాన్ని నాళం అనే అందాం.

ఒలవడమా, కోయడమా

గడ్డ నాళాన్ని తాకినంత మాత్రాన నాళం పోవాల్సిందే అని లేదు. నాళం చుట్టూ పలచని తొడుగు ఉంటుంది, దాని కింద నాళం గోడ బయటి పొర అడ్వెంటిషియా. గడ్డ నాళం చుట్టుకొలతలో సగం కన్నా తక్కువే తాకుతూ, మధ్యలో సన్నటి కొవ్వు గీత ఎమ్మారైలో కనపడుతుంటే, గడ్డ లేని వైపు నుంచి తొడుగును నిలువునా తెరిచి, ఆ తొడుగు గడ్డకే అంటి ఉండేలా నాళాన్ని బయటికి తీస్తారు. ఆ ఒక్కచోట అంచు, అంటే గడ్డ చుట్టూ కలిపి తీసే మంచి కణజాలం, పలచగా ఉంటుందని ముందే తెలుసు, అందుకు తగ్గట్టు రేడియేషన్ ఇచ్చి ఉంటారు. టొరంటో బృందం 2001లో చూపించింది కూడా ఇదే: కీలకమైన నిర్మాణం పక్కన తెలిసి, లెక్కవేసి వదిలిన అంచులో గడ్డ తిరిగి రావడం సుమారు 4 శాతం మందిలోనే కనిపించింది. అనుకోకుండా గడ్డలోకి కోసేసిన చోట అది 30 శాతం దాటింది.

చిక్కు ఎక్కడంటే, అందరి గడ్డా ఒలవడానికి లొంగదు. ఇక్కడ గడ్డ రకం చూడాలి. బాగా పరిణతి చెందిన కొవ్వు గడ్డ రకం లైపోసార్కోమా నాళాన్ని పక్కకు నెడుతుంది గానీ గోడలోకి చొరబడటం అరుదు, అది ఒలిస్తే వస్తుంది. మిక్సాయిడ్ లైపోసార్కోమా రేడియేషన్‌కు బాగా కుంచించుకుపోతుంది, మొదటి స్కాన్‌లో చుట్టేసినట్టు కనిపించినది ఆపరేషన్ నాటికి వదులు కావచ్చు. మిక్సోఫైబ్రోసార్కోమా అలా కాదు, కండ పొరల వెంట సన్నటి తోకల్లా పాకుతుంది. దాన్ని తొడుగు మీంచి ఒలిచి "అంతా వచ్చేసింది" అనుకోవడం ప్రమాదం. ఇక సిర గోడలోనే పుట్టే లియోమయోసార్కోమాకు ఒలిచే ప్రశ్నే లేదు. సిరే గడ్డ.

సగం చుట్టు దాటినా, నాళం లోపలి దారి ఇరుకైనా, సిరలోకి గడ్డ ముక్క తొంగిచూస్తున్నా నాళాన్ని గడ్డతో కలిపే తీయాలి. అలాంటి చోట ఒలవబోతే రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, గడ్డ చిట్లి కణాలు గాయమంతా చింది పడతాయి. రెండోది కొంచెం ఆలస్యంగా బయటపడుతుంది. ధమని గోడకు ఆహారం అందించే సన్న నాళాలు ఆ బయటి పొరలోనే ఉంటాయి. పొర ఒలిచి, రేడియేషన్ తగిలి, పైన కప్పు సరిగా లేని ధమని వారాల తర్వాత పగలవచ్చు. ఒలిచాం కదా, నాళం మిగిలింది కదా అన్న ధీమా అక్కడ పనికిరాదు.

ఒలిచే పథకంతో వెళ్లినా రెండో కాలిని గజ్జ నుంచి మడమ దాకా శుభ్రం చేసి సిద్ధంగా ఉంచడం, అందులోని సిరను ముందురోజే రక్త ప్రవాహం చూపే డాప్లర్‌తో గుర్తు పెట్టడం మంచి జట్టు చేసే పని. గడ్డ లొంగకపోతే అప్పటికప్పుడు కంగారుగా గొట్టం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

నాళం మారిస్తే: సొంత సిరా, కృత్రిమ గొట్టమా

ఆపరేషన్‌లో వరస ముఖ్యం. గడ్డను కండల నుంచి, ఎముక నుంచి, నరం నుంచి అన్నివైపులా విడిపించి, ఆఖరికి నాళాల మీద మాత్రమే వేలాడేలా చేస్తారు. పైనా కిందా ఆరోగ్యంగా ఉన్న నాళం చుట్టూ లూపులు వేసి పెడతారు. అప్పుడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, మామూలుగా కిలో బరువుకు 70 నుంచి 100 యూనిట్లు. అది పాకాక నాళాన్ని బిగించి రక్తం ఆపే క్లాంపులు. ఇలా చివర్లో క్లాంపులు వేశాకే కాలికి రక్తం ఆగిన గడియారం మొదలవుతుంది కాబట్టి కుట్టడానికి గంటా రెండు గంటలే పడుతుంది. కండ రక్తం లేకుండా తట్టుకునేది 6 గంటలు అని పాత లెక్క, కానీ 4 దాటితేనే పిక్క బిగిసే భయం మొదలు. ఆలస్యమయ్యేలా ఉంటే తాత్కాలిక గొట్టం, అంటే షంట్, వేసి రక్తం పోనిస్తారు. ఆలస్యమైపోయి ఉంటే పిక్కలోని 4 అరలనూ తెరిచి వదిలేస్తారు. ఈ తెరవడాన్ని వాయిదా వేసి "రేపు చూద్దాం" అనుకోవడం పాదం చచ్చుబడటానికి తిన్నని దారి.

ధమని స్థానంలో పెట్టడానికి మొదటి ఎంపిక కాలి లోపలి వైపు చర్మం కింద పాకే పెద్ద సఫీనస్ సిర. లోపలి కవాటాలు రక్తానికి అడ్డం పడకుండా దాన్ని తలకిందులు చేసి కుడతారు. 3 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉన్నా, ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నా పనికిరాదు. ఎప్పుడూ రెండో కాలి నుంచే తీయాలి. గడ్డ ఉన్న కాలిలో లోతు సిర పోతోంది కదా, ఇక ఆ కాలి రక్తం పైకి వెళ్లేది ఈ పైసిర గుండానే. దాన్నీ తీసి వాడేస్తే ఉన్న ఒక్క వాగునూ పూడ్చినట్టవుతుంది.

కృత్రిమ గొట్టం, అంటే పీటీఎఫ్ఈ, సులువు. ఏ కొలతలో కావాలంటే ఆ కొలతలో దొరుకుతుంది, ధమనికి 6 నుంచి 8 మిల్లీమీటర్లు, సిరకు రింగులున్నది 8 నుంచి 10. రెండో కాలిని కోయనక్కర్లేదు, సమయం కలిసొస్తుంది. ఇక్కడిదాకా పోటీ సమానమే. కానీ గాయంలో చీము చేరిందంటే కథ మారిపోతుంది. సొంత సిర చీముకు కొంతవరకు ఎదురు నిలుస్తుంది. కృత్రిమ గొట్టం మీద సూక్ష్మజీవులు ఒకసారి పొర కట్టాయంటే మందులతో వదలవు, గొట్టాన్ని తీయాల్సిందే. గజ్జలో, రేడియేషన్ తిన్న చర్మం కింద, లింఫ్ (కణజాలాల్లోని తేట ద్రవం) ఊరే గాయంలో ఆ పరిస్థితి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ధమని విషయంలో నా ఓటు సొంత సిరకే. కృత్రిమ గొట్టం సిర దొరకనప్పుడే. దాతల నుంచి తీసి అతిశీతలంలో దాచిన నాళాలు కూడా ఉన్నాయి. చీము పట్టిన చోట అవసరానికి ఆదుకుంటాయి, అంతవరకే.

సిరను మళ్లీ కట్టాలా వద్దా అన్నది విడి ప్రశ్న. ధమనిని వదిలేయలేం, సిరను వదిలేయవచ్చు. గడ్డ నెలల తరబడి నొక్కి సిరను ముందే మూసేసి ఉంటే, రక్తం పక్క దారులు వెతుక్కుని ఉంటుంది. అప్పుడు కట్టక్కర్లేదు. సిర తెరుచుకునే ఉండి, గడ్డతో పాటు లోతు తొడ సిర, పైసిర రెండూ పోతుంటే మాత్రం కట్టడం మేలు. లేకపోతే కాలు నల్లబారి బిగిసిపోయే వాపు వస్తుంది. కట్టినా సిర గ్రాఫ్టు, అంటే ఆ చోట కుట్టిన కొత్త నాళం, మూసుకుపోయే అవకాశం ధమని గ్రాఫ్టు కన్నా ఎక్కువ. అక్కడ రక్తం నెమ్మదిగా, తక్కువ ఒత్తిడితో పారుతుంది. కింద చిన్న ధమనికీ సిరకూ లంకె వేసి ప్రవాహం పెంచడం ఒక ఉపాయం. కొన్ని నెలలకు మూసుకుపోయినా, ఆలోగా పక్క దారులు పెరిగి ఉంటాయి కాబట్టి శ్రమ వృథా కాదు. రక్తం పలచబరిచే మందు మామూలుగా 3 నుంచి 6 నెలలు, ధమని కోసం యాస్పిరిన్ ఆ తర్వాత కూడా.

కప్పేది ఏది? అసలు తేలేది ఇక్కడే

గడ్డతో పాటు తొడ లోపలి కండలు పోయాయి, చర్మం కొంత పోయింది, మిగిలిన చర్మానికి రేడియేషన్ తగిలింది. కొత్తగా కుట్టిన ధమని ఆ గుంట అడుగున ఉంది. పైన చర్మం మాత్రం లాగి కుడితే ఏమవుతుంది? కింద ఖాళీలో రసి, లింఫ్ చేరుతుంది. చర్మం అంచు రెండో వారానికి నల్లబడి విచ్చుకుంటుంది. ఆ సందులోంచి సూక్ష్మజీవి దిగి గ్రాఫ్టు కుట్టును కొరుకుతుంది. కుట్టు వదిలితే అది తొడ ధమని, నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. రక్తం ఆపడానికి ధమనిని కట్టేస్తే కాలు పోతుంది. గ్రాఫ్టు మూసుకుపోవడం కన్నా ఈ వరసకే ఎక్కువ భయపడాలి. మెల్లగా మూసుకుపోయే గ్రాఫ్టుకు కాలు తరచూ అలవాటు పడుతుంది, ముఖ్యంగా లోతు తొడ ధమని మిగిలి ఉంటే. విచ్చుకున్న గాయం కింద పగిలే గ్రాఫ్టుకు అలవాటు పడటం అన్నది లేదు.

కాబట్టి గ్రాఫ్టు మీదికి రేడియేషన్ తగలని, సొంత రక్తప్రసరణ ఉన్న కండను తెచ్చి పరవాలి. గజ్జలో చిన్న ఖాళీ అయితే సార్టోరియస్ కండను పైనుంచి విడదీసి నాళాల మీదికి తిప్పితే సరిపోతుంది. ఖాళీ పెద్దదైతే పొట్ట నిలువు కండ, పైన చర్మంతో సహా. ఇక్కడే పథకం తలకిందులయ్యే మెలిక ఒకటుంది. పొట్ట కండకు రక్తం వచ్చేది గజ్జకు కాస్త పైన, కటి ధమని నుంచి పుట్టే కొమ్మ ద్వారా. గడ్డతో పాటు ఆ భాగమే తీసేస్తుంటే అదే వైపు పొట్ట కండ చచ్చిపోతుంది, అవతలి వైపుది తేవాలి. తొడ బయటి వైపు చర్మపు ఫ్లాపుకు, అంటే సొంత రక్తప్రసరణతో సహా తిప్పి తెచ్చే ముక్కకు, ఆధారం లోతు తొడ ధమని కొమ్మ. అది పోతే ఈ ఫ్లాపు కూడా లేదు. మోకాలి వెనుక గుంటలో అందరికీ ముందు గుర్తొచ్చేది పిక్క కండ. దానికి రక్తం ఇచ్చే కొమ్మలు పుట్టేది మార్చబోయే ఆ మోకాలి ధమని నుంచే. ఇవేవీ మిగలకపోతే వీపు నుంచి కండను పూర్తిగా విడదీసి తెచ్చి సూక్ష్మ కుట్లతో కలపాలి. అప్పుడు దాన్ని ఏ ధమనికి కలుపుతారన్నది కూడా ముందే తేలాలి.

ఇవన్నీ గడ్డ తీశాక ఆలోచించేవి కావు. నాళాల సర్జన్ ఒక్కరే ఉంటే చాలదు, ఫ్లాపు వేసే ప్లాస్టిక్ సర్జన్ మొదటి సమావేశంలోనే ఉండాలి. రెండు ఆసుపత్రుల మధ్య ఎంచుకోవాల్సి వస్తే, "ధమని కుట్టగలరా" అని కాదు, "దాని మీద ఏ కండ కప్పుతారు, దానికి రక్తం ఎక్కణ్నుంచి వస్తుంది" అని అడగండి. సూటిగా జవాబు వచ్చిన చోట పథకం ఉన్నట్టు.

రేడియేషన్ ముందా, తర్వాతా

ఈ ప్రశ్న కూడా కప్పు దగ్గరికే వస్తుంది. 2002లో వెలువడిన కెనడా పరీక్షలో ముందు ఇస్తే 50 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) 25 విడతల్లో, తర్వాత ఇస్తే 66 గ్రే 33 విడతల్లో ఇచ్చారు. గాయం మానడంలో పెద్ద చిక్కులు ముందు ఇచ్చినవారిలో 35 శాతం, తర్వాత ఇచ్చినవారిలో 17 శాతం. ఈ అంకె చూసి "తర్వాతే మేలు" అనేస్తారు. కానీ తర్వాత ఇచ్చే మోతాదు ఎక్కువ, పరిధి పెద్దది, పైగా అది పడేది కొత్తగా కుట్టిన గ్రాఫ్టు మీద, తెచ్చిన కండ మీద. కాలు బిరుసెక్కడం 2 ఏళ్ల దగ్గర చూస్తే తర్వాత ఇచ్చినవారిలో 48 శాతం, ముందు ఇచ్చినవారిలో 31 శాతం. గణాంకాల ప్రకారం ఈ తేడా గట్టిగా నిలవలేదు గానీ, మొగ్గు ఎటో తెలుస్తోంది. ఎముక పొర కూడా ఒలిచి ఉంటే పెద్ద మోతాదు తర్వాత తొడ ఎముక విరిగే ప్రమాదం ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

నాళం మార్చే ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ ఇచ్చి, 4 నుంచి 6 వారాలు ఆగి, ఆ తర్వాత రేడియేషన్ తగలని ఫ్లాపుతో కప్పడం మేలన్నది నా అభిప్రాయం. ఫ్లాపు వేసే సౌకర్యం లేని చోట మాత్రం ఈ లెక్క తప్పుతుంది. అక్కడ ముందు రేడియేషన్ ఇచ్చి చర్మం లాగి కుట్టడం కన్నా రోగిని మరో చోటికి పంపడమే న్యాయం.

మిగతా దారులు రెండు ముక్కల్లో. కాలి రక్తప్రసరణను యంత్రంతో వేరుచేసి వేడిచేసిన మెల్ఫలాన్, టీఎన్ఎఫ్ అనే మందులు పారించే పద్ధతి యూరప్‌లో కొన్ని కేంద్రాల్లో ఉంది. పెద్ద గడ్డను కుంచించడానికి పనికొస్తుంది, మందు శరీరంలోకి జారితే గుండెకు ముప్పు. డాక్సోరుబిసిన్, ఐఫాస్ఫమైడ్ కీమో కొన్ని రకాలకు పనిచేస్తుంది, నాళం ప్రశ్నను దానంతట అది తీర్చడం తక్కువ.

కాలు తీయడమే మేలైన చోట

ఉంది అలాంటి చోటు. తుంటి వెనుక పెద్ద నరం ఒక్కటి పోతే పాదం పైకి లేవదు, అరికాలికి స్పర్శ ఉండదు. చీలమండ పట్టీతో నడుస్తారు, పుండ్లు పడకుండా పాదం రోజూ చూసుకుంటారు. తొడ ముందు నరం ఒక్కటి పోతే మోకాలు తెలియకుండా మడత పడి పడిపోతారు, అయినా నేర్చుకుంటారు. రెండూ కలిసి పోతే మిగిలేది బరువు మోయలేని, నొప్పి తెలియని కాలు. దాని కోసం నాళం మార్చడం, ఫ్లాపు వేయడం దండగ. చేతిలో అయితే చంకలోని నరాల గుత్తి మొత్తం గడ్డలో కలిసిపోయినప్పుడు ఇదే మాట. గడ్డ చర్మం చీల్చుకుని చీము పట్టి ఉన్నప్పుడు, కింది నాళాలు మధుమేహంతోనో పొగతోనో ముందే పూడిపోయి గ్రాఫ్టు కలపడానికి చోటు లేనప్పుడు, పది గంటల ఆపరేషన్‌ను గుండె తట్టుకోలేనప్పుడు కూడా తీయడమే సబబు. నొప్పి తీరి త్వరగా లేచి తిరగడం కావాలనుకునే వృద్ధుడికి, మోకాలి కింద తీయగలిగితే, అది ఓటమి కాదు. తుంటి దగ్గర తీయాల్సి వస్తే మాత్రం కృత్రిమ కాలితో నడక ఎంత శ్రమో ముందే చెప్పాలి, చాలామంది చివరికి చేతికర్రలకే స్థిరపడతారు.

కాలు నిలిచాక మొదటి వారాలు

మొదటి రోజు పాదంలో డాప్లర్ చప్పుడు గంటగంటకూ వినాలి. పిక్క రాయిలా బిగిసి, పాదం వేళ్లు పైకి వంచితే తట్టుకోలేని నొప్పి వస్తే తెల్లారే దాకా ఆగకూడదు. కాలు గుండె ఎత్తుకు కాస్త పైన, మోకాలు కొద్దిగా మడిచి. గట్టి సాగుడు మేజోడు సర్జన్ చెప్పకుండా వేయకూడదు, గ్రాఫ్టు మీద నొక్కుతుంది. గాయంలోని రసిని బయటికి తీసే గొట్టాన్ని, రసి రోజుకు 30 మిల్లీలీటర్లకు తగ్గేదాకా తీయరు, గజ్జలో ఇది వారాలు పట్టవచ్చు. గ్రాఫ్టును స్కాన్‌తో మొదటి ఏడాది నెలల వ్యవధిలో చూస్తారు, ఊపిరితిత్తులను మొదటి రెండు మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి.

ఇంటికి వచ్చాక ఒక్క గుర్తు మాత్రం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. గాయం సందులోంచి ఒక చెంచాడు ఎర్రటి తాజా రక్తం వచ్చి దానంతట అదే ఆగిపోతే, అది తగ్గినట్టు కాదు. గ్రాఫ్టు కుట్టు వదలబోయే ముందు ఇచ్చే హెచ్చరిక కావచ్చు. కట్టు మార్చుకుంటూ కూర్చోకుండా, అరచేత్తో ఆ చోటును గట్టిగా నొక్కి పట్టి, పట్టిన చెయ్యి తీయకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.